సాక్షియే కాని తీర్పరి కాదు: పౌలు పత్రికలలో మనస్సాక్షి, దైవసన్నిధిలో నైతిక బాధ్యత

'మనస్సాక్షి చెప్పినట్లు నడచుకొంటిని' అనుట నేటి తెలుగులో సర్వసాధారణమైన మాట. ఈ వాక్యమునందు మనస్సాక్షి ఆజ్ఞ యిచ్చునది, కార్యము ముగిసిన పిమ్మట తీర్పు చెప్పునది. అది నిర్దోషియనినచో ఇంకెవరికిని సమాధానము చెప్పుకొన నక్కరలేదను భావము అందు ధ్వనించును. కాని పదమును విడదీసి చూచినచో అందున్నది సాక్షి మాత్రమే. న్యాయస్థానమున సాక్షి తాను చూచినది చెప్పును, తీర్పు మరియొకరిది. ఆది క్రైస్తవ వాఙ్మయమున, ముఖ్యముగా క్రీ.శ. మొదటి శతాబ్దపు నడుమ వెలువడిన పౌలు పత్రికలలో, ఈ భేదము స్పష్టముగా పాటింపబడినది. దైవసన్నిధిలో మానవుని నైతిక బాధ్యతను గూర్చి ఆ గ్రంథములు చెప్పు విషయములలో పెక్కు ఈ ఒక్క భేదముపై ఆధారపడియున్నవి. దానిని వివరించుటయే ఈ వ్యాసమునకు లక్ష్యము.

పదస్వరూపము

క్రొత్త నిబంధన మూలభాషయైన గ్రీకులో మనస్సాక్షికి 'సునైదేసిస్' అని పేరు. 'సున్' అనగా 'తో, కూడ'. తక్కిన భాగము 'ఎఱుగుట' అను అర్థము గల ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువు సంస్కృతమునకు దూరమైనది కాదు. గ్రీకున 'నేనెఱుగుదును' అను అర్థమునిచ్చు 'ఓయిద' అను క్రియారూపము, సంస్కృతమున 'విద్' ధాతువునకు లిట్టునందలి రూపము వలె నుండి వర్తమానార్థమునిచ్చు 'వేద' అను రూపము, రెండును ఒకే మూలమునుండి పుట్టిన తోబుట్టువులని తులనాత్మక భాషాశాస్త్రము నిర్ధారించినది. కావున సునైదేసిస్ అనగా 'కూడ ఎఱుగుట'. ఒకడు చేసిన పనిని వానితో పాటు మరియొకడు ఎఱిగియుండుట మొదటి అర్థము. ఆ 'మరియొకడు' మనుష్యుని లోపలనే యున్నాడని భావించినప్పుడు అది మనస్సాక్షి యైనది. లాటిను భాషవారు ఈ పదమును అవయవమునకు అవయవముగా అనువదించి 'కాన్‌షియెన్షియా' అనిరి.

హెబ్రీ భాషలోని పూర్వ నిబంధనలో ఈ భావమునకు ప్రత్యేక పదము లేదు. ఆ పనిని 'హృదయము' అను మాటయే చేసినది. సౌలు వస్త్రపు చెంగును రహస్యముగా కోసిన దావీదును అతని హృదయమే నొప్పించెనని సమూయేలు మొదటి గ్రంథము చెప్పుచున్నది (24:5). నాలుగు సువార్తలలోను సునైదేసిస్ కనబడదు. యోహాను సువార్తలో కొన్ని ప్రతులందు మాత్రమే చేరిన ఒక పాఠము ఇందుకు మినహాయింపు. క్రొత్త నిబంధన మొత్తముమీద సుమారు 30 పర్యాయములు ప్రయోగింపబడిన ఈ పదము రోమీయులకు, కొరింథీయులకు వ్రాసిన మూడు పత్రికలలోనే దాదాపు సగము పర్యాయములు వచ్చినది. సామాన్య గ్రీకు జనవ్యవహారమునందలి మాటను పౌలు గ్రహించి దానికి వేదాంతగౌరవము కల్పించెనని విమర్శకులు తలంచుచున్నారు. ఆ వ్యవహారమున ఈ పదము ముఖ్యముగా చేసిన తప్పునకు పిమ్మట కలుగు బాధను సూచించునని సి.ఎ. పియర్స్ 1955లో ప్రకటించిన గ్రంథమున వాదించెను.

తెలుగులో క్రైస్తవ గ్రంథానువాదమునకు చిరకాల చరిత్ర కలదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజులు, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తల అనువాదమునకు పూనుకొనిరి; 1818 నాటికి క్రొత్త నిబంధన తెలుగున అచ్చైనది. వాడుకలో నున్న తెలుగు బైబిలు సునైదేసిస్‌కు 'మనస్సాక్షి' అను పదమును గ్రహించినది. ఈ సమాసమునకు రెండు విధముల విగ్రహము చెప్పవచ్చును. 'మనస్సే సాక్షి' అనినచో కర్మధారయము. 'మనస్సునకు సాక్షి' అనినచో షష్ఠీ తత్పురుషము. మొదటిదానిలో మనస్సే తన్ను గూర్చి సాక్ష్యమిచ్చును. రెండవదానిలో మనస్సునందలి ప్రవృత్తిని ప్రక్కనుండి చూచునది వేరొకటి కలదు. పౌలు ప్రయోగములకు రెండవ విగ్రహమే చేరువగా నున్నది. తాను అబద్ధమాడుట లేదని చెప్పుచు, తన మనస్సాక్షి తనతో కూడ సాక్ష్యమిచ్చుచున్నదని అతడు వ్రాసినచోట (రోమా. 9:1), ఆ సాక్షి పౌలు ప్రక్కన నిలిచిన మరియొక వ్యక్తివలె కనబడును.

'సాక్షి' శబ్దమును పాణిని 'సాక్షాత్తుగా చూచినవాడు' అను అర్థమున సాధించెను. అద్వైతమున ఈ శబ్దము పారిభాషికమై, దేనియందును చేరక అన్నింటిని ప్రకాశింపజేయు ఉదాసీన చైతన్యమును తెలుపును. పౌలు చెప్పు సాక్షి ఉదాసీనుడు కాడు. అతడు పిలువబడినవాడు, పలుకవలసినవాడు. కావున వేదాంత పరిభాషలోని సాక్షికంటె ధర్మశాస్త్రములలోని వ్యవహారప్రకరణపు సాక్షి ఇచ్చట సరియైన పోలిక. వ్యవహారమునందు చూచి ఊరకున్నవాడు సాక్షి కాడు. చూచినది చెప్పినవాడే సాక్షి.

రోమా పత్రికలోని న్యాయస్థానము

క్రీ.శ. 56-58 ప్రాంతమున, బహుశః కొరింథునుండి, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో రెండవ అధ్యాయము న్యాయస్థాన పరిభాషతో నిండియున్నది. ఇతరులకు తీర్పు తీర్చుచు అవే పనులు చేయువానిని సంబోధించుటతో అధ్యాయము ప్రారంభమగును. దేవుని యెదుట పక్షపాతము లేదనుట దాని మధ్యసూత్రము. పిమ్మట పూర్వపక్షమొకటి ఉదయించును: మోషే ధర్మశాస్త్రమును ఎఱుగని జాతులు ఏ ప్రమాణమునుబట్టి బాధ్యులగుదురు? దీనికి పౌలు చెప్పిన సమాధానపు తాత్పర్యమిది. ధర్మశాస్త్రము లేనివారు కొన్నిచోట్ల స్వభావసిద్ధముగా అది విధించు పనులే చేయుదురు, తద్ద్వారా ఆ శాస్త్రము కోరు కార్యము తమ హృదయములందు వ్రాయబడినదని చూపుదురు, వారి మనస్సాక్షి దానితో కూడ సాక్ష్యమిచ్చును, వారి తలంపులు ఒకదానిపై నొకటి నేరము మోపుచునో, సమర్థించుచునో యుండును, ఇదియంతయు దేవుడు మనుష్యుల రహస్యములను విమర్శించు దినమున తేటపడును (రోమా. 2:14-16).

ఈ చిత్రమునందలి పాత్రలను వేరువేరుగా గుర్తింపవలెను. హృదయమున వ్రాయబడినది ప్రమాణము. మనస్సాక్షి సాక్షి. తలంపులు వాది ప్రతివాదుల పక్షమున వాదించువారు. న్యాయాధిపతి దేవుడు. న్యాయస్థానమంతయు మనుష్యుని లోపలనే యున్నట్లు తోచినను న్యాయపీఠము మాత్రము అచ్చట లేదు. విచారణకు కావలసిన సర్వసామగ్రి అంతరంగమున సిద్ధమైయుండగా తీర్పు మాత్రము మరియొక దినమునకు, మరియొకరికి విడువబడినది.

తెలుగు బైబిలు ఈ సందర్భమున 'నోమోస్' అను గ్రీకు పదమునకు 'ధర్మశాస్త్రము' అను పేరునే వాడినది. అందువలన ప్రాచ్యవిద్యార్థికి ఈ వచనములు చదువునప్పుడు మనుస్మృతి స్ఫురించుట సహజము. మనువు ధర్మమూలములను చెప్పుచు వేదము, స్మృతి, శీలాచారములతో పాటు ఆత్మతుష్టిని గూడ పేర్కొనెను. ఎనిమిదవ అధ్యాయమున సాక్షులను గూర్చి చెప్పుచు, ఆత్మకు ఆత్మయే సాక్షియనియు, పాపము చేయువారు తమ్మెవ్వరు చూడరనుకొన్నను దేవతలును అంతఃపురుషుడును చూచుచునే యుందురనియు హెచ్చరించెను. నన్నయ శకుంతల సైతము దుష్యంతుని సభలో పురుషుని నడవడిని ఎఱిగియుండు సాక్షుల పట్టికలో సూర్యచంద్రాదులతో పాటు అంతరాత్మను చేర్చినది. పోలిక స్పష్టమే. భేదమును గూడ గుర్తింపవలెను. ఆత్మతుష్టి మనువునకు ధర్మమును తెలిసికొను సాధనములలో నొకటి. తక్కిన ప్రమాణములచే నియమింపబడినదైనను అది మూలమే. పౌలునకు మనస్సాక్షి ధర్మమునకు మూలము కాదు. అది ధర్మమును పుట్టింపదు. మనుష్యుడు ధర్మమునెదుట ఎట్లు నిలిచెనో చెప్పును. మనువు ఎనిమిదవ అధ్యాయమున చెప్పిన సాక్షియే పౌలునకు సన్నిహితుడు.

ఈ వచనముల వ్యాఖ్యానమున ప్రాచీనకాలమునుండి వివాదము కలదు. 'స్వభావసిద్ధముగా' అను పదమును 'చేయుదురు' అను క్రియతో అన్వయించినచో సర్వమానవులకు సహజమైన ధర్మజ్ఞానము కలదను సిద్ధాంతము వచ్చును. దానిని 'ధర్మశాస్త్రము లేనివారు' అనుదానితో అన్వయించినచో పుట్టుకచే ఆ శాస్త్రము లేని జాతులు అని మాత్రమే అర్థము. క్రీ.శ. 412లో రచించిన 'ఆత్మయు అక్షరమును' అను గ్రంథమున అగస్టీను, ఇచ్చట చెప్పబడినవారు క్రీస్తును విశ్వసించిన అన్యజనులని సమర్థించెను. దేవుడు తన ధర్మమును జనుల హృదయములపై వ్రాయునని యిర్మియా ప్రవచించిన మాటను (31:33) అతడు ఈ సందర్భమునకు జోడించెను. అన్వయము ఏదైనను సాక్షికిని న్యాయాధిపతికిని గల భేదము మాత్రము చెదరదు.

సెనెకా దీపము, గల్లియో న్యాయపీఠము

పౌలు భేదించి చెప్పినదానిని అతని సమకాలికులు భేదింపలేదనుటకు రెండు దృష్టాంతములు కలవు. అలెగ్జాండ్రియాకు చెందిన యూదతాత్త్వికుడు ఫిలో, పది ఆజ్ఞలను గూర్చి వ్రాసిన గ్రంథమున, ప్రతి ఆత్మతోడను పుట్టి దానియందే నివసించు అంతర్విమర్శకుని వర్ణించుచు అతడే అభియోక్త, అతడే న్యాయాధిపతియని చెప్పెను. రోములోని స్తోయిక తాత్త్వికుడు సెనెకా కోపమును గూర్చిన గ్రంథపు మూడవ భాగమున తన నిత్యనియమమును వివరించెను. రాత్రి దీపము తీసివేసిన పిమ్మట, తన అలవాటు నెఱిగిన భార్య మౌనము వహింపగా, ఆనాటి తన మాటలను చేతలను తానే పరీక్షించుకొనును. తన వ్యాజ్యమును తన యెదుటనే విన్నవించుకొనును. ఈసారికి క్షమించితిని, మరల చేయకుమని తన్ను తానే మన్నించుకొనును. ఆత్మపరీక్షకు ఇది ఉదాత్తమైన మార్గము. ఇందు వాది, సాక్షి, తీర్పరి, క్షమించువాడు, అందరు నొక్కరే.

సెనెకా ఈ గ్రంథమును తన అన్న నొవాటుసునకు అంకితముగా వ్రాసెను. ఆ నొవాటుసు పిమ్మట దత్తతవలన గల్లియో అను పేరు పొందెను. అతడే అకయ ప్రాంతమునకు రోమను అధిపతియై కొరింథున నున్నప్పుడు కొందరు పౌలును అతని న్యాయపీఠమునెదుటికి తీసికొనివచ్చిరని అపొస్తలుల కార్యముల గ్రంథము తెలుపుచున్నది (18:12). డెల్ఫీలో దొరికిన శాసనమునుబట్టి గల్లియో పాలనకాలము క్రీ.శ. 51-52 ప్రాంతమని నిర్ణయమైనది. పౌలు జీవితకాలనిర్ణయమునకు ఇదియే ప్రధానాధారము. గల్లియో ఆ వ్యాజ్యమును విచారణకు స్వీకరింపక త్రోసిపుచ్చెను. అట్టి న్యాయపీఠమునకు గ్రీకున 'బేమా' అని పేరు. కొరింథు త్రవ్వకములలో దాని శిథిలములు బయల్పడినవి.

కొన్ని సంవత్సరముల పిమ్మట అదే కొరింథువారికి వ్రాయుచు, అందరును క్రీస్తు 'బేమా' యెదుట ప్రత్యక్షము కావలెననియు, దేహముతో చేసిన మంచిచెడ్డల ఫలమును పొందవలెననియు పౌలు చెప్పెను (2 కొరింథీ. 5:10). నగరమధ్యమున నున్న ఆ రాతిపీఠమును నిత్యము చూచువారికి ఈ ఉపమానమునకు వేరు వ్యాఖ్య అక్కరలేదు.

అన్నకు సెనెకా వ్రాసిన న్యాయస్థానమునకును, పౌలు చెప్పిన న్యాయస్థానమునకును గల భేదము కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని నాలుగవ అధ్యాయమున కనబడును. కొరింథు సంఘమున కొందరు పౌలును విమర్శించుచుండిరి. మనుష్యులు తన్ను విమర్శించుట తనకు అల్పవిషయమనియు, తన్ను తానే విమర్శించుకొననని గూడ అతడు బదులు చెప్పెను. తనయందు ఏ దోషమును తనకు తెలియదు, అయినను అంతమాత్రమున తాను నిర్దోషిగా ఎంచబడలేదు, తన్ను విమర్శించువాడు ప్రభువు (1 కొరింథీ. 4:3-4). ఇచ్చట 'తెలియదు' అను భావమునకు పౌలు వాడిన క్రియ సునైదేసిస్‌నకు మూలమైన క్రియయే. సాక్షి నిర్దోషియని పలికినను వ్యాజ్యము ముగియలేదని దీని సారాంశము.

క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున, నిరంతర అపరాధభావముతో కుమిలిపోవు అంతర్ముఖమైన మనస్సాక్షి పౌలుది కాదనియు, అగస్టీను, మార్టిన్ లూథరుల అనుభవములను పాశ్చాత్యులు పౌలుపై ఆరోపించిరనియు వాదించెను. పౌలు మనస్సాక్షి దృఢమైనదేయని అతడు చూపినది యుక్తము. కాని అంత దృఢమైన మనస్సాక్షి గలవాడే దానిని తుదితీర్పుగా గ్రహింపకుండుట మరింత గమనింపదగినది.

దీనికి మరియొక పార్శ్వము యోహాను మొదటి పత్రికలో కలదు. హృదయము దోషారోపణ చేయునెడల దేవుడు హృదయముకంటె గొప్పవాడు, సమస్తము నెఱిగినవాడని ఆ పత్రిక ఓదార్చుచున్నది (3:20). సాక్షి నిర్దోషియనినను తీర్పు కాదు; దోషియనినను తీర్పు కాదు. మొదటిది అహంకారమునకు, రెండవది నిరాశకు విరుగుడు. తీర్పు తనలో లేకుండుట మనుష్యునికి భయహేతువు మాత్రమే కాదు, ఊరట గూడ అగుచున్నది.

విగ్రహార్పిత మాంసము

సాక్షి పొరపడవచ్చును. వాతపెట్టబడిన చర్మము స్పర్శజ్ఞానమును కోల్పోవునట్లు కొందరి మనస్సాక్షి మొద్దుబారినదని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక చెప్పుచున్నది (4:2). కొందరి మనస్సాక్షి బలహీనమైనదని పౌలే చెప్పెను. అట్లయినచో దానిని ఏల లెక్కింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కొరింథులోని భోజన వివాదమున దొరకును.

క్రీ.పూ. 44లో రోమనులచే పునర్నిర్మితమైన కొరింథు నగరమున దేవాలయములు పెక్కు. అచ్చట బలియైన జంతువుల మాంసము అంగడికి వచ్చుట, దేవాలయ భోజనశాలలలో విందులు జరుగుట సాధారణము. క్రొత్తగా క్రైస్తవులైనవారిలో కొందరు, విగ్రహము వట్టిదే కావున ఆ మాంసము తినుట దోషము కాదనిరి. మరికొందరు అది తినుట విగ్రహారాధనయే యని భయపడిరి. పౌలు జ్ఞానవిషయమున మొదటివారితో ఏకీభవించెను. అంగడిలో అమ్మునదానిని మనస్సాక్షి నిమిత్తము ఏ విచారణయు చేయక తినవచ్చుననెను (1 కొరింథీ. 10:25). కాని జ్ఞానమొక్కటియే చాలదు. బలహీనుడు జ్ఞానవంతుని చూచి, తన మనస్సాక్షి వలదనుచుండగానే, తినుటకు తెగించినచో వాని మనస్సాక్షి అపవిత్రమగును. అట్టివానికి అడ్డము వచ్చినవాడు క్రీస్తునకే అపరాధి యగును. కావున తన భోజనము సోదరుని పడద్రోయునెడల తాను ఎన్నటికిని మాంసము తిననని పౌలు ప్రతిజ్ఞ చేసెను (8:13).

ఇదే విషయమును రోమా పత్రిక 14వ అధ్యాయము సామాన్యసూత్రముగా చెప్పుచున్నది. కొందరు కూరగాయలనే తినిరి, కొందరు దినములను పాటించిరి. తినువాడు తిననివానిని తృణీకరింపరాదు. తిననివాడు తినువానికి తీర్పు తీర్పరాదు. పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు ఇతరునికి అధికారము లేదు. సందేహముతో తినువాడు మాత్రము దోషి. విశ్వాసమూలము కాని ప్రతిపనియు పాపమే. ఈ రెండు సందర్భములనుండి మూడు నియమములు తేలుచున్నవి. పొరపడినదైనను తన మనస్సాక్షిని ఎవ్వడును ఉల్లంఘింపరాదు. దానిని తుదితీర్పుగా భావింపరాదు. ఇతరుని మనస్సాక్షిని బలాత్కరింపరాదు.

మూడవ నియమము పౌలు నీతిబోధలో విశిష్టమైనది. మనస్సాక్షి న్యాయాధిపతియే యైనచో, బలవంతుని న్యాయాధిపతి బలహీనుని న్యాయాధిపతికంటె ఉన్నతుడై అతనిపై తీర్పు కొట్టివేయవచ్చును. ఇద్దరికిని సాక్షి మాత్రమే యుండి న్యాయాధిపతి ఒక్కడే యైనప్పుడు, ఒక సాక్షిని మరియొకడు బెదరించుట న్యాయస్థానమునకే అపరాధమగును. సహనమునకు పౌలు చూపిన ఆధారము సత్యమును గూర్చిన ఉదాసీనత కాదు. తీర్పరి తాను కాడను ఎఱుక. తెలుగుదేశమున పండుగనాడు పొరుగింటివారు ప్రేమతో పంపు ప్రసాదమును గ్రహింపవచ్చునా యను ప్రశ్న క్రైస్తవ కుటుంబములందు తలెత్తినప్పుడు ఈ అధ్యాయములే ప్రస్తావనకు వచ్చుచుండును. కుటుంబములు భిన్నసమాధానములు చెప్పుకొన్నను, పంపినవారిని గాని గ్రహించినవారిని గాని తృణీకరింపరాదనునది పౌలు బోధకు ఫలితార్థము.

లెక్క, తీర్పు, తీర్చుట

రోమా 14వ అధ్యాయమునందే, ప్రతివాడును తన్ను గూర్చి దేవునికి లెక్క యొప్పగింపవలెనను వాక్యము కలదు (14:12). ఇచ్చట 'లెక్క' అనుటకు గ్రీకుమూలము 'లోగోస్'. యోహాను సువార్త ప్రారంభమున 'వాక్యము' అని అనువదింపబడినదియు ఈ పదమే. వర్తకులు, గృహనిర్వాహకులు యజమానునికి ఒప్పజెప్పు జమాఖర్చునకు గూడ గ్రీకులో అదియే పేరు. యజమానుడు దూరదేశమునుండి తిరిగివచ్చి సేవకులవద్ద లెక్క చూచుకొనిన ఉపమానము మత్తయి సువార్తలోను (25:19), గృహనిర్వాహకుడు లెక్క చెప్పవలసివచ్చిన కథ లూకా సువార్తలోను (16:2) కలవు. తెలుగున 'లెక్కచేయు' అనగా గణించుటయు, గౌరవించుటయు. లెక్క చెప్పవలసినవాడు తోటివానిని లెక్కచేయవలెనని రోమా పత్రికలోని ఈ అధ్యాయపు బోధను సంగ్రహింపవచ్చును.

ఇచ్చట ఒక ఆక్షేపణము కలుగును. మనుష్యుడు క్రియలవలన గాక విశ్వాసమువలన నీతిమంతుడుగా తీర్చబడునని పౌలే అదే పత్రికలో చెప్పెను (3:28). అట్లయినచో లెక్కతో పనియేమి? పౌలే ఈ పూర్వపక్షమును ఊహించి, కృప విస్తరించుటకై పాపమున నిలిచియుందుమాయని ప్రశ్నించి, అట్లనరాదని ఖండించెను (6:1-2). విశ్వాసమును పేర్కొని క్రియలను మానినవారిని యాకోబు పత్రిక మరింత తీవ్రముగా మందలించినది. వస్త్రము లేక, ఆహారము లేక యున్న సోదరునితో సమాధానముగా వెళ్లుమని చెప్పి ఏమియు ఈయనివాని విశ్వాసము మృతమైనది. దేవుడు ఒక్కడేయని దయ్యములును నమ్మును (2:14-19). అబ్రాహామును ఇద్దరును ఉదాహరించిరి. పౌలు ఆదికాండము 15వ అధ్యాయమునందలి విశ్వాసమును చూపగా, యాకోబు దానితో పాటు 22వ అధ్యాయమునందలి ఇస్సాకు సమర్పణమును చూపెను.

తెలుగు అనువాదమునందలి 'తీర్చబడుట' అను క్రియ ఈ వివాదమునకు చక్కని వెలుగునిచ్చును. గ్రీకుమూలము 'దికైయూన్', నీతిమంతుడని ప్రకటించుట యను న్యాయస్థానపు మాట. ఆ ప్రకటన మాత్రమేనా, మనుష్యుని నీతిమంతునిగా చేయుట గూడ అందు చేరునా యను విషయమున పాశ్చాత్య సంఘములు శతాబ్దములు వాదించుకొనినవి. తెలుగు 'తీర్చు' ధాతువున రెండర్థములును కలవు. తగవు తీర్చుటయందు నిర్ణయము, తీర్చిదిద్దుటయందు రూపకల్పన. 'తీర్పు' అను నామము ఆ ధాతువునుండియే పుట్టినది. తీర్పు చెప్పువాడే తీర్చిదిద్దువాడు కూడనను భావము ఈ పదమున సహజముగా ఇమిడియున్నది. ఇట్లే పశ్చాత్తాపార్థకమైన 'మెతానోయా' అను గ్రీకు పదమును తెలుగు బైబిలు 'మారుమనస్సు' అని అవయవార్థమును చెడనీయక అనువదించినది. తీర్పు పరుని చేతిలో నున్నను మారవలసినది తన మనస్సే.

పౌలు, యాకోబులు విశ్వాసక్రియల విషయమున భిన్నముగా పలికినను ఒక విషయమున ఏకకంఠులు. శాసనకర్తయు న్యాయాధిపతియు ఒక్కడే యుండగా పొరుగువానికి తీర్పు తీర్చుటకు నీవెవడవని యాకోబు ప్రశ్నించెను (4:12). పౌలు రోమీయులకు వేసిన ప్రశ్నయు ఇదియే. అయినను న్యాయాధిపతి వేరుగా నున్నాడను సాకుతో బాధ్యతను వాయిదా వేయుటకు యాకోబు అవకాశమీయలేదు. కోతగాండ్రకు ఈయక బిగపట్టిన కూలి తానే మొఱపెట్టునని అతడు ధనవంతులను హెచ్చరించెను (5:4). మంచి చేయనెఱిగియు చేయనివానికి అది పాపమని చెప్పెను (4:17). ఇచ్చట సాక్ష్యము పలుకుచున్నది ధనవంతుని అంతరంగము కాదు, పేదవాని కూలి. లోపలి సాక్షి మౌనము వహించినచోట వెలుపలి సాక్షి పలుకును.

మత్తయి సువార్త 25వ అధ్యాయమునందలి తీర్పు దృశ్యము దీనిని పూర్తిచేయును. ఆకలిగొన్నవారికి, దప్పిగొన్నవారికి, పరదేశులకు, వస్త్రహీనులకు, రోగులకు, చెఱసాలలో నున్నవారికి చేసినదానినిబట్టి, చేయనిదానినిబట్టి అచ్చట జనులు వేరుచేయబడుదురు. అందు విశేషమేమనగా ఇరుపక్షములవారును ఆశ్చర్యపడుదురు. ఎప్పుడు నీకు పరిచారము చేసితిమని నీతిమంతులును, ఎప్పుడు చేయకపోతిమని తక్కినవారును ప్రశ్నింతురు. చేసినవారికి తమ మేలు తెలియదు. చేయనివారికి తమ లోపము తెలియదు. ఇరువురి మనస్సాక్షులును ఆ విషయమున ఏమియు చెప్పలేదు. సాక్షి చూడని దానిని న్యాయాధిపతి చూచెను.

ఉపసంహారము

పై పరిశీలనవలన ఆది క్రైస్తవ గ్రంథములలో నైతిక బాధ్యత మూడు ముఖములతో కనబడుచున్నది. తన అంతరంగమునెదుట మనుష్యుడు సత్యవంతుడై యుండవలెను. ఆ సాక్షి గొంతు నొక్కరాదు. తోటివాని యెదుట వినయవంతుడై యుండవలెను. వాని సాక్షిని బెదరింపరాదు. దేవుని యెదుట లెక్క చెప్పుటకు సిద్ధుడై యుండవలెను. తన సాక్షి మాటనే తీర్పుగా చూపరాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను తక్కినవి వికృతములగును. మొదటిది లేనివాడు కపటి. రెండవది లేనివాడు కఠినుడు. మూడవది లేనివాడు తనకు తానే దైవము.

భారతీయ దర్శనములు మనస్సును సంకల్పవికల్పాత్మకముగాను, బుద్ధిని నిశ్చయాత్మకముగాను చెప్పినవి. నిశ్చయము మనస్సు పని కాదను ఈ విభాగము నెఱిగినవానికి 'మనస్సాక్షి' అను సమాసము తన పరిమితిని తానే చెప్పును. వాడుకలో ఆ పదమునకు న్యాయాధిపతి వస్త్రములు తొడుగబడినవి. వానిని తొలగించి చూచినచో, చూచినది చూచినట్లు చెప్పవలసిన బాధ్యతతో, తుదిమాట తనది కాదను ఎఱుకతో నిలిచిన సాక్షి అందు కనబడును.